సైకిల్‌కి పది రూపాయలు, కరెంటు కారుకి ఫ్రీ... ఇదేం లెక్కబ్బా?

కొర్లగుంట_సైకిలోడు
సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. గొడవ పెట్టాలని కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతుండా. నిన్న ఆదివారం మిక్సీ జార్‌కి రబ్బరు వాషర్ కోసం మన తిరుపతి గాంధీ రోడ్డు పక్కకి సైకిల్లో పోయినా. ఎప్పుడూ అంగడి ముందరే స్టాండేసేవాణ్ణి, ఈసారి అంగడాయన గిరాకీకి అడ్డం అన్నా అని మొహమాటంగా చెప్తే సరేలే అని దగ్గర్లో ఉండే పే పార్కింగ్‌కి తోసుకుంటా పోయినా. ఏ పార్కింగో పేరు చెప్పను, తెలిసినోళ్ళకి తెలుస్తాది.

గేటు కాడ బోర్డు ఇట్లుంది: కారు 4 గంటలకి 40, టూవీలర్ 20, సైకిల్ 10, ఎలక్ట్రిక్ కార్లకి మొదటి 4 గంటలు ఉచితం. నా ముందర పచ్చ నెంబర్ ప్లేటు కారొకటి, అంటే కరెంటుది, వచ్చింది, అది ఎక్కడికీ చార్జింగ్‌కి కూడా పోలా, ఊరికే నీడ చూసుకొని నిలబడింది. దానికి ఫ్రీ. నాకు పది రూపాయలు. వాషర్ 25, సైకిల్ నిలబెట్టినందుకు 10, లోపలుండింది మహా అంటే అర్ధగంట.

పొగ రాదు కాబట్టి ఫ్రీ అంటే మరి నా సైకిల్‌కి ఏమొస్తాది సామీ, చెమట తప్ప?

లీలామహల్_మీసాలు
సోమవారం, రాత్రి 9:20

అన్నా నువ్వు కూడా ఒక పచ్చ ప్లేటు తగిలించుకో. సలాం కొట్టి గేటెత్తుతారు 😂

పచ్చప్లేటు
సోమవారం, రాత్రి 9:41

ఇక్కడ ఈవీ, అదే కరెంటు కారు, ఉండేది నాకే అనుకుంటా కాబట్టి నేనే మాట్లాడాలి. బ్రో, ఫ్రీ పెట్టమని నేనేమీ ధర్నా చేయలేదు. ప్రభుత్వాలు జనాన్ని పెట్రోల్ నుంచి మళ్ళించాలని చూస్తున్నాయి, మన రాష్ట్రంలో 2018లోనే ఈవీ పాలసీ వచ్చింది, రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఇచ్చినారు, ఆ వరసలోనే ఇట్లాంటి చిన్న చిన్న సౌకర్యాలు. కొత్త అలవాటు రావాలంటే మొదట్లో కొంచెం బెల్లం ముక్క పెట్టాలి. నేను వారానికోసారి బెంగళూరు పోయి వస్తా, పలమనేరు దాటినాక ఎక్కడ చార్జ్ పెట్టాలి, అది పనిచేస్తా ఉందా లేదా అనే టెన్షన్ నాకే తెలుసు. ఆ బాధకి నాలుగు గంటల పార్కింగ్ ఫ్రీ పెద్ద లెక్క కాదు.

సైకిల్‌కి పది తీసుకోవడం తప్పే, దానికి నా కారుని ఎందుకు లాగుతున్నారు అనేదే నా బాధ.

సైకిల్_అయివారు
సోమవారం, రాత్రి 10:05

నాయనా, సైకిల్‌కి డబ్బులు కట్టడం మీకు కొత్త గానీ మా తరానికి కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిల్‌కి ఏటేటా మున్సిపాలిటీ బిళ్ళ కొనాలి. చిన్న రేకు బిళ్ళ, హ్యాండిల్ కింద బిగించుకునేది, సంవత్సరం మారితే ఆకారం మారేది. బిళ్ళ లేకపోతే చెకింగ్‌లో సైకిల్ పట్టుకుపోయేవాళ్ళు. రాత్రిపూట డైనమో లైటు వెలగలేదంటే ఇంకో కేసు, వెనక ఒకర్ని ఎక్కించుకుంటే డబుల్స్ అని ఇంకోటి. ఆ రోజుల్లో బజారులో కారు కనపడితే పిల్లకాయలు వెంటబడి పరిగెత్తేవాళ్ళు, ఆ కారుకి పార్కింగ్ డబ్బులని ఎవరూ అడిగింది నేను చూడలేదు.

ఎవరు ఎక్కువమంది ఉంటే వాళ్ళ దగ్గర వసూలు చేయడం సులువు, అంతే. ఇప్పుడు సైకిళ్ళు తగ్గినాయి, అలవాటు పోలేదు.

మీటరు_స్కేలు
సోమవారం, రాత్రి 10:38

నేను సివిల్ ఇంజనీర్‌ని. కోపాలు పక్కనపెట్టి కొలుద్దాం. పార్కింగ్ డబ్బులంటే స్థలానికి బాడుగ, ఆ బండి ఏం తాగుతుంది అనేదానికి సంబంధం లేదు, పెట్రోల్ తాగినా కరెంటు తాగినా నీళ్ళు తాగినా కింద నేల అంతే కావాలి.

కారు గడి 5 మీటర్లు పొడవు 2.5 వెడల్పు, అంటే 12.5 చదరపు మీటర్లు (తిప్పుకునే దారి కలపలేదు, కలిపితే ఇంకా పెరుగుతుంది). సైకిల్ 1.8 పొడవు, హ్యాండిల్ దగ్గర 0.6, సుమారు 1.1 చదరపు మీటర్లు. అంటే ఒక కారు గడిలో పదకొండు సైకిళ్ళు. కారుకి 40 అయితే సైకిల్‌కి రావాల్సింది మూడు రూపాయల అరవై పైసలు. లేదు సైకిల్‌కి 10 కరెక్టే అంటే కారుకి 110 వసూలు చేయాలి.

ఇది నా సొంత కవిత్వం కాదు. 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానంలోనే ఉంది, బండి ఆక్రమించిన నేల విలువకి తగ్గట్టు పార్కింగ్ ఫీజు ఉండాలని, స్థలం ఇచ్చేటప్పుడు బస్సులకి, మోటారు లేని బండ్లకి ముందు ఇవ్వాలని. ఇరవై ఏళ్ళ కిందటి మాట.

కొర్లగుంట_సైకిలోడు
సోమవారం, రాత్రి 10:44

110 😂😂 ఆ బోర్డు చూడాలని ఉంది నాకు

పచ్చప్లేటు
సోమవారం, రాత్రి 11:02

మీటరు అన్నా, లెక్క బాగుంది గానీ సగమే వేసినావు. టైమ్ ఏది? బోర్డు మీద కారు 40 అనేది నాలుగు గంటలకి. సైకిల్ 10 అనేది ఎన్ని గంటలకి? సైకిలోడన్నా నువ్వే చెప్పు, టోకెన్ మీద ఏముంది?

కొర్లగుంట_సైకిలోడు
సోమవారం, రాత్రి 11:06

టోకెన్ పారేసినా... కానీ రోజుకి అనే గుర్తు. పొద్దున పెడితే రాత్రి దాకా.

మీటరు_స్కేలు
మంగళవారం, ఉదయం 6:50

పచ్చప్లేటు తమ్ముడూ, మంచి పాయింటు పట్టినావు, రాత్రి నిద్ర పట్టలా దీనివల్ల. మళ్ళీ వేసినా.

సైకిల్ 12 గంటలు ఉంటే 1.08 చదరపు మీటర్లు ఇంటూ 12, దగ్గర దగ్గర 13. పది రూపాయలకి అది ఒక చదరపు మీటరుకి గంటకి 77 పైసలు. పెట్రోల్ కారు 4 గంటలుంటే 12.5 ఇంటూ 4, 50. నలభై రూపాయలకి 80 పైసలు. చూసినారా, రోజంతా పెట్టుకునే సైకిలోడికి, నాలుగు గంటలు పూర్తిగా వాడుకునే కారోడికి దాదాపు ఒకే రేటు పడతా ఉంది! ఆ బోర్డు రాసినాయన ఎవరో గానీ తెలివి తక్కువోడేం కాదు.

దెబ్బ పడేది అర్ధగంటోడికి. మన సైకిలోడు అర్ధగంటకి 10 ఇచ్చినాడు, అంటే మీటరు గంటకి పద్దెనిమిదిన్నర రూపాయలు. అదే అర్ధగంట పెట్రోల్ కారు పెట్టి 40 ఇస్తే ఆరు రూపాయల నలభై పైసలు. పచ్చ ప్లేటుకి సున్నా. నిన్న నేను చెప్పింది పూర్తిగా కరెక్ట్ కాదు, కానీ సైకిలోడి కడుపుమంట మాత్రం కరెక్టే.

లీలామహల్_మీసాలు
మంగళవారం, ఉదయం 7:15

పొద్దున్నే పళ్ళు తోముకోకముందు మీటరు గంటలు చదివించినావు కదన్నా

టోకెన్_బాబాయ్
మంగళవారం, ఉదయం 8:30

అందరికి నమస్కారం నేను పార్కింగ్ లోనే పని చేస్తాను మీరు చెప్పేది మాదో కాదో నేను చెప్పను ఫోన్ లో మాట్లాడితే అదే రాసేస్తాది తప్పులుంటే ఏమనుకోవద్దండి

సైకిల్ కి పది ఎందుకు అంటే స్థలానికి కాదు సార్ కాపలాకి. కారు ఎత్తుకొని పోయేవాడు ఎవడూ లేడు తాళం వేసి పోతారు నేను దాని పక్కకి కూడా పోను. సైకిల్ అయితే ఎవడైనా పట్టుకొని తోసుకుంటా పోతాడు నాదే అంటాడు. నేను టోకెన్ సగం చించి సీటు కింద పెట్టాలి సీటు మీద సుద్దముక్కతో నెంబర్ రాయాలి వరసలో ఒకటి పడితే దబదబా పది పడతాయి అవి లేపాలి, పిల్లోల్లు వచ్చి వాల్ ట్యూబ్ పీక్కొని పోతారు సాయంత్రం ఆయన వచ్చి గాలి ఏదీ అని నన్ను అడుగుతాడు. పోయిన సంవత్సరం ఒక సైకిల్ పోయింది నా జీతంలో రెండు వేలు పట్టినారు. కార్లు నలభై ఉన్నా నాకు పని లేదు సైకిళ్ళు పది ఉంటే కూర్చోడానికి ఉండదు

ఇంకొకటి, ఊరోల్లు పనికని సైకిల్ పెట్టి బస్సెక్కి బెంగులూరు పోతారు నాలుగు రోజులకి వస్తారు నలభై అంటే కొట్లాట, కొందరు రానే రారు. వెనకాల గోడ కాడ పదమూడు సైకిళ్ళు ఉండాయి తుప్పు పట్టి, ఎవరివో తెలీదు అమ్మలేము పారెయ్యలేము

మీటరు_స్కేలు
మంగళవారం, ఉదయం 8:52

బాబాయ్, ఈ థ్రెడ్‌లో పనికొచ్చే మాట మొదటిసారి మీరే చెప్పినారు. మేము నేల కొలుస్తా కూర్చున్నాం, మీరు కళ్ళు కొలవమంటున్నారు. అంటే బోర్డు మీద వరసగా రాసినా అవి ఒకే సరుకు కాదు. కారు దగ్గర తీసుకునేది నేల బాడుగ, సైకిల్ దగ్గర తీసుకునేది కాపలా కూలి.

కొర్లగుంట_సైకిలోడు
మంగళవారం, ఉదయం 9:10

బాబాయ్ మీ జీతంలో పట్టింది అన్యాయం, అది ఇంకో థ్రెడ్ అవుతాది. కానీ నా ప్రశ్న అట్లే ఉండాది. నేను గొలుసుతో కట్టుకుంటా, కాపలా వద్దు, అప్పుడు ఎంత?

టోకెన్_బాబాయ్
మంగళవారం, ఉదయం 9:14

దేనికి కడతావు నాయనా అక్కడ ఏముంది కట్టడానికి నా కాలికి కడతావా

సైకిల్_అయివారు
మంగళవారం, ఉదయం 9:30

😀 నిజమే. ఊరంతా చూడండి, సైకిల్ కట్టుకునేదానికి ఒక ఇనప కమ్మీ ఉండదు. చక్రం తాళం వేసినా భుజాన వేసుకొని పోతే దిక్కు లేదు.

పూలమ్మి_కూతురు
మంగళవారం, మధ్యాహ్నం 1:22

మీరంతా మిక్సీ వాషర్ గురించి మాట్లాడుకుంటున్నారు, మా అమ్మ గురించి చెప్తా. అమ్మ పూలు అమ్ముతాది. తెల్లారుజామున నాలుగింటికి సైకిల్ వెనక బుట్ట కట్టుకొని మార్కెట్‌కి పోయి పూలు తెచ్చి గోవిందరాజస్వామి గుడి పక్క వీధిలో కూర్చుంటాది. సైకిల్ పక్కన పెట్టుకుంటే దారికి అడ్డం అంటారు. స్టాండ్‌లో పెడితే రోజుకి పది, నెలకి మూడు వందలు. మూర పూల మీద మిగిలేది మూడో నాలుగో రూపాయలు, అంటే పొద్దున మొదటి మూడు మూరలు సైకిల్‌కే. అందుకని కరెంటు స్తంభానికి తాడుతో కట్టేది, తాడు కోసి ఎత్తుకొని పోయినారు. రెండోది సెకండ్ హ్యాండ్‌లో 1800 పెట్టి కొన్నాం. ఇప్పుడు స్టాండ్‌లోనే పెడతాది.

ఆమెకి ఈవీ అంటే ఏందో తెలీదు. మొన్న అడిగితే పచ్చ ప్లేటు కార్లు కలెక్టరాఫీసు కార్లు, అందుకే డబ్బులు తీసుకోరు అనుకుంటా ఉంది.

పచ్చప్లేటు
మంగళవారం, మధ్యాహ్నం 1:40

...దీనికి నా దగ్గర జవాబు లేదు అక్కా.

లండన్‌లో_ఎమ్మార్‌పల్లె
మంగళవారం, సాయంత్రం 4:55

ఇక్కడి ముచ్చట కొంచెం చెప్తా, మనకి అట్లే అతకదు అని తెలుసు, తిట్టొద్దు. లండన్ నడిబొడ్డుకి కారు తీసుకొస్తే కట్టే చార్జీ ఉంది కదా, ఏళ్ళ తరబడి కరెంటు కార్లకి అది లేదు. 2025 క్రిస్మస్ నుంచి ఆ మినహాయింపు తీసేసినారు, ఇప్పుడు వాళ్ళూ కట్టాలి, కాకపోతే రాయితీ ఉంటుంది. కారణం సింపుల్, ఈవీలు ఎక్కువైనాయి, పొగ తగ్గింది గానీ ట్రాఫిక్ జామ్ తగ్గలా. జామ్‌లో ముందరుండే కారు కరెంటుదైతే ఏంది డీజిల్‌దైతే ఏంది.

పారిస్‌లో ఇంకో రకం. 2024లో జనాన్ని ఓటు అడిగి అక్టోబర్ నుంచి బరువు కార్లకి పార్కింగ్ మూడింతలు చేసినారు, నడిబొడ్డులో గంటకి 18 యూరోలు. పెట్రోల్ కారు 1.6 టన్నులు దాటితే, ఈవీ అయితే 2 టన్నులు దాటితే. అంటే బ్యాటరీ బరువుకి కొంత వదిలిపెట్టినారు గానీ పూర్తిగా మాఫీ చేయలా. ఇంకోటి, అక్కడ ఇల్లుండి పర్మిట్ ఉండేవాళ్ళకి ఇది లేదు, బయటి నుంచి వచ్చేవాళ్ళకే. మన ఊరికి ఇది ఆలోచించాల్సిన విషయం అనిపిస్తుంది, రోజూ కొండకి అరవై డెబ్భై వేల మంది వస్తారు, అందులో కార్లలో వచ్చేవాళ్ళే గదా రోడ్లన్నీ నింపేది.

నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ అనే ఊర్లో రైల్వే స్టేషన్ కింద పన్నెండున్నర వేల సైకిళ్ళు పట్టే స్టాండ్ ఉంది, మొదటి 24 గంటలు ఫ్రీ, ఆ తర్వాతే డబ్బులు. బాబాయ్ చెప్పిన బెంగళూరు పోయేవాళ్ళ సమస్యకి మందు అదే అనిపించింది నాకు, పెట్టిన రోజు ఫ్రీ, వదిలేసి పోతే చార్జి.

లీలామహల్_మీసాలు
మంగళవారం, సాయంత్రం 5:10

యాత్రికుల దగ్గర వసూలు చేద్దాం అంటే బాగుంటాది గానీ వాళ్ళతోనే గదన్నా ఊరు తినేది

చిత్తూరు_బేనీషా
మంగళవారం, సాయంత్రం 5:32

మీరు అదృష్టవంతులబ్బా, పార్కింగ్ ఉంది, బోర్డుంది, రేటుంది, దాని మీద కొట్లాడుకుంటుండారు. మా చిత్తూరు హైరోడ్డులో ఎవడి అంగడి ముందర వాడు రాయి పెట్టుకుంటాడు, అదే పార్కింగ్.

సైకిల్_అయివారు
మంగళవారం, రాత్రి 8:20

ఇంకొక విషయం. కొట్టులో సైకిల్ కొంటే జీఎస్టీ ఎంతో ఎవరికైనా తెలుసా? 2025 సెప్టెంబర్ 22 దాకా 12 శాతం. ఎలక్ట్రిక్ కారుకి 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. ఆరేళ్ళ పాటు కూలిపనికి పోయేవాడి సైకిల్ మీద శాతం ఎక్కువ, కారు మీద తక్కువ. ఇప్పుడు రెండూ 5 చేసినారు, సంతోషమే. మనవడికి సైకిల్ ఆ తగ్గింపుకి రెండు నెలల ముందే కొన్నా, అది వేరే ఏడుపు.

పచ్చప్లేటు
మంగళవారం, రాత్రి 8:41

అయివారూ, 5 శాతమైనా పదిహేను లక్షల మీద 75 వేలు కట్టినా నేను. ఆరు వేల సైకిల్ మీద 12 శాతం అంటే 720.

సైకిల్_అయివారు
మంగళవారం, రాత్రి 8:50

కట్టినావు, కాదనను. పదిహేను లక్షలు ఉన్నోడికి 75 వేలు, ఆరు వేలు కూడబెట్టినోడికి 720. ఏది ఎక్కువ నొప్పో నువ్వే చెప్పు.

గుంతల_వీధి
మంగళవారం, రాత్రి 9:25

అసలు పాయింట్ ఎవరూ చెప్పలా. రోడ్డు పాడయ్యేది ఇరుసు మీద బరువుకి నాలుగో ఘాతంలో పెరుగుతాది. అమెరికాలో ఇల్లినాయ్‌లో 1958 నుంచి 60 దాకా లారీలు తిప్పి తిప్పి తేల్చినారు. మామూలు ఈవీ 1400 కేజీలు, ఇరుసుకి 700. సైకిల్, మనిషి కలిపి 90 అనుకో, ఇరుసుకి 45. భాగిస్తే పదిహేనున్నర పైన, అట్లాంటివి నాలుగు పెట్టి ఒకదానితో ఒకటి గుణించు, యాభై ఎనిమిది వేలు చిల్లర. ఒక కారు పోతే యాభై ఎనిమిది వేల సైకిళ్ళు పోయినట్టు. ఇంక ఫ్రీ ఏందసలు??

మీటరు_స్కేలు
మంగళవారం, రాత్రి 9:40

ఆ లెక్క ప్రకారం యాత్రికుల బస్సు ముందర నీ కారూ సైకిలే అన్నా. పైగా మనం మాట్లాడేది నిలబెట్టిన బండి గురించి, నిలబెడితే గుంతలు పడవు. అయినా మన గుంతలకి బరువు కన్నా నీళ్ళు పోయే దారి లేకపోవడమే కారణం అని నా అనుభవం.

గుంతల_వీధి
మంగళవారం, రాత్రి 9:43

నా వీధికొచ్చి చూడు అప్పుడు మాట్లాడు

నిర్వాహకుడు
మంగళవారం, రాత్రి 10:00

గుంతలకి వేరే థ్రెడ్ ఉంది, అందులో 400 పోస్టులున్నాయి, అక్కడికి పోండి. ఇక్కడ పార్కింగ్ ఒక్కటే.

కొర్లగుంట_సైకిలోడు
మంగళవారం, రాత్రి 10:15

బాబాయ్ ఒక డౌట్. మీ ఓనర్‌కి ఈవీ ఫ్రీ పెడితే ఏం లాభం? ఆయనేమీ పర్యావరణం మనిషి అయ్యుండడు కదా.

టోకెన్_బాబాయ్
బుధవారం, ఉదయం 7:48

నేను చెప్పినానని బయట చెప్పొద్దు. మాకు ఫ్రీ కాదు సార్ అది. చార్జింగ్ మిషన్ పెట్టినోళ్ళు ఆ రెండు గడులకి నెల నెలా ఓనర్ కి బాడుగ ఇస్తారు. కారాయన గేటులో కట్టడు మిషన్ కాడ కడతాడు, ఇంట్లో కరెంటు కన్నా రెండింతలు పైనే యూనిట్ రేటు, అందులోనే అంతా ఉండాది. గిరాకీ రావాలని బోర్డు మీద ఉచితం అని రాసినారు. కానీ ఏమైందంటే ఫ్రీ అని చూసి చార్జింగ్ పెట్టకుండా ఊరికే నిలబెట్టేవాళ్ళు జాస్తి అయినారు, చార్జింగ్ కోసం వచ్చినాయనకి గడి దొరకదు నా మీద అరుస్తాడు. ఒకాయన వైరు తగిలించి సినిమాకి పోయినాడు, గంటకే నిండింది మూడు గంటలు అట్లే ఉంది

పచ్చప్లేటు
బుధవారం, ఉదయం 8:20

సరే, ఇప్పుడు నిజాయితీగా చెప్తా. అట్లా ఊరికే నిలబెట్టినవాళ్ళలో నేనూ ఉన్నా. ఇంట్లో పదిహేను ఆంప్స్ ప్లగ్గులో రాత్రంతా పెట్టుకుంటా, బజారులో చార్జింగ్ అవసరమే రాదు, ఫ్రీ కాబట్టి పెట్టేది. అదే 40 అని ఉంటే బహుశా స్కూటర్‌లో పోయేవాణ్ణేమో. పోయిన నెల బెంగళూరు దారిలో ఇట్లాగే ఎవడో నిండిన కారు తీయకుండా పోతే నలభై నిమిషాలు ఎండలో నిలబడి వాణ్ణి తిట్టుకున్నా, ఇక్కడ నేను చేసేదీ అదే అని ఇప్పుడు బాబాయ్ చెప్తే గానీ తట్టలా.

నా మాట మార్చుకుంటున్నా. చార్జింగ్ పెడితే పార్కింగ్ ఫ్రీ, నిండినాక పావుగంట టైమ్, ఆ తర్వాత మామూలు కారు రేటు. ఊరికే నిలబెడితే మొదటి నిమిషం నుంచే కారు రేటు. ప్రోత్సాహం ఇవ్వాలంటే కొనేటప్పుడు ఇవ్వండి, బజారు నడిమధ్య స్థలంలో కాదు.

లండన్‌లో_ఎమ్మార్‌పల్లె
బుధవారం, ఉదయం 11:05

శభాష్ తమ్ముడూ. నెట్‌లో మనిషి మాట మార్చుకోవడం చాలా రోజుల తర్వాత చూస్తున్నా.

లీలామహల్_మీసాలు
బుధవారం, ఉదయం 11:12

నిజంగా పచ్చదనం కావాలంటే 2022 నుంచి కొండకి తిరుగుతున్నాయి కదా కరెంటు బస్సులు, అవి చూడండి. దిగేటప్పుడు బ్రేకు వేస్తే బ్యాటరీ కొంత చార్జ్ అవుతాది కూడా. ఒక్క బస్సులో పట్టేవాళ్ళు కార్లలో వస్తే ఎన్ని గడులు కావాలో మీటరన్న లెక్కేస్తాడు. వద్దులే వద్దులే.

మీటరు_స్కేలు
బుధవారం, మధ్యాహ్నం 12:30

వెయ్యనులే.

సైకిల్ సంగతికి వద్దాం. బాబాయ్ మాట ప్రకారం సైకిల్ చార్జీ అంటే కాపలా. కాబట్టి కాపలా వద్దనేవాడికి కట్టుకునేదానికి ఒక పైపు ఇస్తే చాలు, డబ్బులు అవసరం లేదు. కాపలా కావాలనేవాడు టోకెన్ తీసుకుంటాడు. పూలమ్మే అమ్మలాంటి వాళ్ళకి నెల పాసు, వందో ఎంతో. కార్పొరేషన్ తలచుకుంటే శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్యలో వరసగా పైపులు పాతొచ్చు, నీడ కూడా ఉంటాది. కానీ అది తలచుకునే లోపల... బాబాయ్, మీ పార్కింగ్‌లో కారు పట్టని మూల ఏదైనా ఉందా?

టోకెన్_బాబాయ్
బుధవారం, మధ్యాహ్నం 1:05

ఉండాది. గేటు పక్కన గోడ వంకరగా పోతాది అక్కడ మూడు మూలల స్థలం, కారు పెడితే డోర్ తెరుచుకోదు అందుకని చీపుర్లు బక్కెట్లు పెట్టుకుంటాము. నేను కూర్చునే కుర్చీకి ఎదురుగానే కనపడతాది. ఓనర్ సాయంత్రం వస్తాడు అడిగి చూస్తా

పూలమ్మి_కూతురు
బుధవారం, మధ్యాహ్నం 1:18

బాబాయ్ నెల పాసు గురించి కూడా అడగండి. అమ్మకి గొలుసు వేసి తీసే ఓపిక ఉండదు, తెల్లారుజామున చీకట్లో తాళం బీగం కనపడదు. వంద అయితే కట్టేస్తాం.

టోకెన్_బాబాయ్
బుధవారం, రాత్రి 9:20

అడిగినాను. మొదట కుదరదన్నాడు తర్వాత సైకిల్ మీద ఎంత వస్తాది నెలకి అని నన్నే లెక్క అడిగినాడు, చెప్తే ఇంతేనా అన్నాడు. పైపు మీరే తెచ్చి పాతుకుంటే గొలుసు వేసుకునేవాళ్ళ దగ్గర వద్దు, పోతే మాత్రం మాకు సంబంధం లేదు అని బోర్డు మీద రాయమన్నాడు. నాకు అదే కావాల జీతంలో పట్టరు కదా. పూలమ్మకి వంద రూపాయల పాసు సరే అన్నాడు కానీ పేపర్ మీద రాసివ్వడు నోటి మాటే. ఈవీ ఫ్రీ తీసేదానికి మాత్రం ఒప్పుకోలా చార్జింగ్ కంపెనీ వాళ్ళని అడగాల అన్నాడు

కొర్లగుంట_సైకిలోడు
బుధవారం, రాత్రి 9:31

పైపు నేను తెస్తా. మా వీధిలో పాత ఇల్లు పడగొట్టినారు, గేటు పైపు మూడు మీటర్లది ఉండాది, కేజీ లెక్కన ఇస్తాడంట. సిమెంటు ఎవరు?

మీటరు_స్కేలు
బుధవారం, రాత్రి 9:34

అర మూట ఇంట్లో ఉంది, గడ్డ కట్టకుండా ఉంటే అదే. అడుగున్నర లోతు తవ్వాలి, రెండు కాళ్ళకీ.

పచ్చప్లేటు
బుధవారం, రాత్రి 9:40

పైపు నా కారులో వేసుకొని వద్దామా అని కొలిచి చూసినా, సీట్లు మడిచినా పట్టదు, పైన క్యారియర్ లేదు. కంకర, ఇసుక నేను తెస్తా. పార్కింగ్ 40 కట్టేస్తాలే.

కొర్లగుంట_సైకిలోడు
బుధవారం, రాత్రి 9:42

వద్దులే తమ్ముడూ, సైకిల్‌కి అడ్డంగా కాదు, పొడుగ్గా కట్టుకొని తోసుకుంటా వచ్చేస్తా. రేపు సందకాడ ఆరింటికి.

సైకిల్_అయివారు
బుధవారం, రాత్రి 9:58

వెనక చివర ఎర్రగుడ్డ కట్టుకో నాయనా. ఆ టైములో గాంధీ రోడ్డులో జనం.